సుబేదారు గారి అట్లాసు

నేను పుస్తకాలకి మరమ్మతు చేసే ఉద్యోగం చేస్తున్నానంటే మా కాకినాడ చుట్టాలకి ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. "అంటే బైండింగు పనా?" అని అడిగేది మా పిన్ని. అదీ ఉంటుంది పిన్నీ అంటే, దానికి ఢిల్లీ దాకా వెళ్ళాలా, మన మెయిన్ రోడ్డులో చేసేవాళ్ళు లేరా అని నవ్వేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడకి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రిటైరై ఢిల్లీ పక్కనే వైశాలిలో ఇంటిపట్టున ఉన్నాను కాబట్టి తీరిగ్గా చెబుతాను. ఆవిడ కోసం కాదు, ఆవిడ పోయి చాలా కాలమైంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం.

వాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. ఏ కోర్సు మంచిది, ఏ ఆఫీసులో ఖాళీలున్నాయి అని అడుగుతారు. నాకు తెలియదు. ప్రమోషన్ల గురించీ, ఫైళ్ళ గురించీ కూడా నేనేమీ రాయను. వాటివల్ల నాకు బీపీ తప్ప ఒరిగిందేమీ లేదు. పని గురించి నలుగురైదుగురు మనుషులు నాకు నేర్పిన సంగతులున్నాయి, అవి మాత్రం రాస్తాను. ఆ చివరి పాఠం నిరుడు, రిటైరయ్యాక, మా ఇంటికి కూతవేటు దూరంలో నేర్చుకున్నాను. ఈ రాతంతా దానికోసమే అనుకోండి.

జిగురు కాయడం

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మేం సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. పొద్దున్నే బస్సులో వేలాడుతూ వెళ్ళి, ఢిల్లీలో ఓ పెద్ద లైబ్రరీ నేలమాళిగలో తేలేదాన్ని. పుస్తక సంరక్షణ విభాగం అంటే ఆ నేలమాళిగే. దానికి పెద్ద భట్నాగర్ సాబ్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరిమీదో చిరాకుపడుతూ ఉండేవారు. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చేసి వచ్చాను కదా, పాత పుస్తకాలు నా చేతిలో పెడతారనుకున్నాను. ఆయన గిన్నె పెట్టారు. మైదా జిగురు కాయమన్నారు.

పండగలకి రంగుకాయితాల తోరణాలు అతికించడానికి మన ఇళ్ళల్లో కాస్తామే, అదే. ఇక్కడివాళ్ళు లేయీ అంటారు. ఉండకట్టకూడదు, అడుగంటకూడదు, మరీ చిక్కగా ఉండకూడదు. నేను కాసింది రోజూ వేలితో తీసి చూసి, ఊహూఁ అని పారబోయించేవారు. ఇంట్లో వంటా, ఆఫీసులో వంటా అయి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఈయనకి ఆడవాళ్ళంటే వంటే గుర్తొస్తుందా అని మా ఆయన దగ్గర తిట్టుకునేదాన్ని. తరవాత తెలిసింది, నాకు ముందొచ్చిన మగపిల్లల చేత కూడా అదే చేయించారట.

జిగురు కుదిరాక ఒక చినిగిన కాయితం ఇచ్చారు. వెనకవైపు ఉల్లిపొరంత పల్చని జపాన్ కాయితం ముక్క పెట్టి అతికించాలి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. ముందునుంచి చూస్తే చిరుగున్నట్టే తెలియలేదు. తీసుకెళ్ళి గర్వంగా చూపించాను. ఆయన దాన్ని సొరుగులో పడేసి, వారం పోయాక పిలిచి ఒక్క మాటన్నారు.

"అతికించడం ఎవరికైనా వస్తుంది. ఇప్పుడు విప్పి చూపించు."

నాకు ఒళ్ళు మండింది. అంత కష్టపడి చేసింది నేనే పాడుచెయ్యాలా? కానీ ఆయన ఎదురుగా నుంచునే ఉన్నారు. తడిపిన అద్దుడు కాయితం దానిమీద పెట్టి, కాసేపాగి, చిమటాతో, అంటే సన్నని పట్టకారుతో, ఒక చివర పట్టుకుని మెల్లిగా లాగాను. సగంలో తెగింది. మళ్ళీ చెయ్యమన్నారు. అలా ఎన్ని అతికించి విప్పానో నాకే లెక్క లేదు. ఒక రోజు ముక్క తెగకుండా, కింది కాయితం చెక్కుచెదరకుండా వచ్చింది. భట్నాగర్ సాబ్ ఠీక్ హై అన్నారు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

మన తరవాత మనకంటే తెలిసినవాళ్ళు వస్తారు, మనం చేసింది తప్పని వాళ్ళకి అనిపిస్తే తీసెయ్యడానికి వీలుండాలి. అంతే ఆయన చెప్పిందంతా. పిల్లలూ, సెల్లోటేపు చూస్తే నాకు ఎందుకంత కోపమో మీరు అడుగుతుంటారు. అది అతికేది మాత్రమే, విప్పడానికి లొంగదు, పసుపుపచ్చ గుర్తు వేసి కూర్చుంటుంది. పుస్తకాల మీద ప్రేమ ఉన్నవాళ్ళే దాన్ని ఎక్కువ వాడతారు, అదే నా బాధ.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. పుస్తకం విప్పినప్పుడు అందులోంచి ఏది తీసినా పారెయ్యకూడదు. పాత దారం కావచ్చు, వీపుకి అంటించిన గుడ్డ పీలిక కావచ్చు, ఎవరో పేజీల మధ్య దాచిన వేపాకు కావచ్చు, చిన్న కవరులో పెట్టి, ఎక్కడినుంచి తీశామో పైన రాసి, ఆ పుస్తకంతో పాటే ఉంచాలి. పుస్తకంలోది పుస్తకానిదే, నీదీ కాదు నాదీ కాదు అనేవారు. ఒకసారి మా సహోద్యోగి ఒకాయన అందమైన పాత దారప్పోగు ఒకటి తన డైరీలో దాచుకుంటే భట్నాగర్ సాబ్ నేలమాళిగ దద్దరిల్లేలా అరిచారు. ఉద్యోగం చేసినంతకాలం నేను ఆ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు.

ఆయన రిటైరయ్యాక, ఆ తరవాత పోయాక కూడా నేను జిగురు కాసిన ప్రతిసారీ ఆయన వేలు పెట్టి చూస్తున్నట్టే ఉండేది. అప్పట్లో ఎంత తిట్టుకున్నానో, ఇప్పుడు అంత దణ్ణం పెట్టుకుంటున్నాను. నా చేతిలో ఏ పనితనమైనా ఉందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

పసుపు చెయ్యి

భట్నాగర్ సాబ్ తరవాత వచ్చినాయన మంచివాడే. పేరెందుకులెండి. ఆయనకి శుభ్రం పిచ్చి. ఏ పుస్తకమైనా కొత్తదానిలా కనబడాలి, ఎవరైనా పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తే అట్టలు మిలమిలా మెరవాలి. పని తెలియనివాడు మాత్రం కాడు. ఎందుకు చేస్తున్నామో తెలియదు, అంతే తేడా.

ఒక లాయరుగారు పోయాక ఆయన పుస్తకాలన్నీ ఇంట్లోవాళ్ళు మా లైబ్రరీకి ఇచ్చేశారు. అందులో ఒక లావుపాటి లా పుస్తకంలో, ఒక పేజీ నిండా పసుపు మరక ఉంది. అయిదువేళ్ళూ స్పష్టంగా కనబడేవి. నేను కాకినాడలో పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి మా సారు ఆ పేజీ కడిగించేశారు. మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఫొటో తీయించి మరీ అందరికీ చూపించారు.

తరవాత పుస్తకాలు అప్పగించినందుకు చిన్న సభలాంటిది పెట్టారు. లాయరుగారి భార్య వచ్చారు, పెద్దావిడ. పుస్తకాలన్నీ బల్లమీద పేర్చి ఉంటే ఆవిడ సూటిగా ఆ ఒక్క పుస్తకమే తీశారు. పేజీలు తిప్పారు, వెనక్కి తిప్పారు, మళ్ళీ తిప్పారు. తరవాత హిందీలో చాలా మెల్లిగా, నా చెయ్యి ఇక్కడుండాలే అన్నారు. పెళ్ళైన కొత్తలో భోజనానికి పిలిచినా లేవడంలేదని వంటింట్లోంచి వచ్చి, చదువుతున్న పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టారట. ఆయన ఆ పేజీ ఎవరినీ తుడవనివ్వలేదట.

మా సారు మొహంలో నెత్తురుచుక్క లేదు. పాపం, ఆయన చేసిందంతా శ్రద్ధగానే చేశారు. పసుపు మళ్ళీ ఎక్కడినుంచి తెస్తాం? ఆవిడ మాత్రం ఎవర్నీ ఒక్క మాట అనకుండా, టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. అప్పటినుంచి శిక్షణకి వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ నేను ఈ కథే ముందు చెప్పేదాన్ని. మరక కనబడగానే తుడవకండి, అదెవరిదో కనుక్కోండి, ఆ తరవాతే చెయ్యి పెట్టండి అని. చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. అంత చెప్పినదాన్ని నేను చేసిన నిర్వాకం ఇప్పుడు వినండి.

చేత్తో చేసిన పుస్తకాలు

ఫరీదా అని ఒకప్పుడు నా దగ్గర శిక్షణ తీసుకున్న పిల్ల. మంచి చెయ్యి, దానికి తగ్గ నోరు. నిరుడు ఫోన్ చేసి, దీదీ, మీ వైశాలి మెట్రో స్టేషను దగ్గరే ఒక హాల్లో ప్రదర్శన పెడుతున్నాం, ఆర్టిస్టులు చేత్తో చేసిన పుస్తకాలూ, పాత పుస్తకాల్ని మార్చి చేసినవీ ఉంటాయి, జనం చేత్తో తీసి చూడొచ్చు, అందుకే ముందు మీరొకసారి వచ్చి ఊడిపోయేవీ విరిగిపోయేవీ ఉంటే సరిచేసి పెట్టండి అంది.

పాత పుస్తకాల్ని మార్చడం అంటే ఏమిటే అన్నాను. కొయ్యడం, కుట్టడం, రంగులెయ్యడం అంది. జన్మంతా పుస్తకాల ప్రాణాలు నిలబెట్టినదాన్ని పిలిచి, కసాయి కొట్టుకి కాపలా ఉండమన్నట్టుంది. నేను రాను పొమ్మన్నాను. అది ఊరుకుంటుందా? మీ చేతి జిగురు ఇంకెవరికొచ్చు దీదీ అంది. పొగిడితే పడిపోవడం నాకున్న పెద్ద జబ్బు. ప్రదర్శన మొదలవడానికి రెండ్రోజుల ముందు నా సంచీ భుజాన వేసుకుని ఈ-రిక్షా ఎక్కాను.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. వెళ్ళాక నా పొగరు సగం దిగింది. సరోజినీ నగర్ బజార్లో దర్జీలు పారేసిన గుడ్డముక్కలు పేర్చి ఒకమ్మాయి పుస్తకం కుట్టింది. పేజీ తిప్పితే ఒక్కో గుడ్డ ఒక్కోలా చప్పుడు చేస్తోంది. ఒకాయన పాత రైల్వే టైం టేబుల్‌ని మడతలు మడతలుగా మడిచాడు, లాగితే ప్లాట్‌ఫారమంత పొడుగు సాగింది. ఇంకొకరు డిక్షనరీ మధ్యలో గుంట కోసి అందులో గింజలు పోసి పెట్టారు. దాన్ని చూసినప్పుడు మాత్రం పళ్ళు నూరుకున్నాను. ఇప్పటికీ అది నాకు నచ్చలేదు, దాచడమెందుకు. కానీ మిగతా వాటి కుట్లు చూశాను. ముడులు ఎక్కడ వేశారో, దారానికి మైనం రాశారో లేదో చూశాను. ఈ పిల్లలకి పుస్తకం ఎలా నిలబడుతుందో తెలుసు. తెలిసే దాంతో ఆడుకుంటున్నారు.

రెండింటికి దారాలు వదులైతే బిగించాను. ఒకదాని అట్ట ఊగిపోతుంటే అతికించాను. చివర్లో ఒక బల్లమీద స్కూలు పిల్లల అట్లాసు కనబడింది. పాతది, మూలలు అరిగిపోయాయి. ఇండియా మ్యాప్ ఉన్న పేజీ తెరిచి పెట్టారు. దానిమీద ఆకుపచ్చ దారంతో ఊరినుంచి ఊరికి కుట్లు వేసి ఉన్నాయి. శ్రీకాకుళం వైపునుంచి సికింద్రాబాదుకి, అక్కణ్ణుంచి జబల్‌పూరుకి, అక్కణ్ణుంచి ఢిల్లీకి. ఎంత సన్నని కుట్టో, మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. ఢిల్లీ దగ్గర కుట్టు ఆగిపోయింది. అక్కణ్ణుంచి మ్యాప్ పై అంచు దాకా పేజీ చినిగిపోయి ఉంది.

అయ్యయ్యో, ఇంత బాగా కుట్టింది, తెచ్చేటప్పుడు ఎక్కడో పట్టుకుని చిరిగినట్టుందే అనుకున్నాను. పై అంచు దగ్గర పెన్నుతో పెట్టిన చుక్క కూడా ఉంది. చూశాను. పిల్లలెవరో గీశారులే అనుకున్నాను. ఫరీదా కిందికెళ్ళి లైట్లవాడితో దెబ్బలాడుతోంది, ఆర్టిస్టులు రాసిన వివరాల కాయితాలు ఇంకా ప్రింటయి రాలేదు. అడగడానికి మనిషి లేదు. ఆగొచ్చు కదా? చిరుగు కనబడితే నా చెయ్యి ఆగదు. అంచులు చక్కగా కలిపి, వెనక జపాన్ కాయితం పెట్టి, పైన బరువు పెట్టి, ఆరాక చూసుకున్నాను. చిరుగు ఎక్కడుందో నాకే కనబడలేదు. భట్నాగర్ సాబ్ చూసుంటే ఠీక్ హై అనేవారు అనుకుని ఇంటికెళ్ళి హాయిగా కాఫీ కాచుకున్నాను.

సింధు

ప్రదర్శన మొదలైన రోజు మంచి చీర కట్టుకుని వెళ్ళాను. లోపలికి అడుగుపెట్టేసరికి అట్లాసు బల్ల దగ్గర ఒకమ్మాయి పేజీ వెనక్కి తిప్పి పట్టుకుని నుంచుని ఉంది. పక్కన ఫరీదా. అమ్మాయి మొహం తెల్లగా పాలిపోయింది. ఫరీదా నన్ను చూసి, ఈవిడే సింధు, మీ తెలుగువాళ్ళే, అట్లాసు తనదే అని పరిచయం చేసి, ఇక మీ తిప్పలు మీరు పడండన్నట్టు తప్పుకుంది.

"ఆంటీ, ఇది మీరే అతికించారా?"

అవునమ్మా అన్నాను, మెచ్చుకుంటుందేమోనన్న ఆశతో. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆ చిరుగు నేనే చింపాను ఆంటీ. చెప్పాలనుకున్నదంతా అందులోనే ఉంది."

లాయరుగారి భార్య కళ్ళముందు కనబడ్డారు. ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ పాఠం చెప్పి, పరీక్ష నాకు పెడితే సున్నా తెచ్చుకున్నాను. క్షమించమ్మా, నాకు తెలియలేదు అని చెయ్యి పట్టుకుని పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది. తనకి తెలుగు అర్థమవుతుంది కానీ సగం హిందీలో పడిపోతుంది, అలాగే కలిపి చెప్పింది.

వాళ్ళ నాన్నగారు ఆర్మీలో సుబేదారుగా రిటైరయ్యారు, టెక్కలి దగ్గర ఊరు. అట్లాసు ఆయనదే, తన స్కూలునాటిది. ఏ ఊరికి బదిలీ అయినా ముందు అది తెరిచి పిల్లకి చూపించేవారట. కుటుంబం అంతా కలిసి వెళ్ళిన దారులన్నీ సింధు దారంతో కుట్టింది. నాన్న యూనిఫారానికి బొత్తాలు కుట్టుకునే ఆకుపచ్చ దారమే అది. ఢిల్లీ కంటోన్మెంటులో ఉండగా ఆయన్ని సరిహద్దుకి పంపారు. అక్కడికి కుటుంబాన్ని తీసుకెళ్ళనివ్వరు. ఆ చోటి పేరు అట్లాసులో లేదు. అందుకని ఆయన పై అంచు దగ్గర పెన్నుతో చుక్క పెట్టి, నేనిక్కడ ఉంటాను అని చెప్పి వెళ్ళారట.

ఆ రోజుల్లోనే వాళ్ళమ్మకి పెద్ద ఆపరేషన్ అయింది. సింధు అప్పుడు పదో క్లాసు. ఆయనకి సెలవు దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రుళ్ళు అమ్మ దగ్గర పడుకుందీ, పొద్దున పరీక్షలు రాసిందీ ఈ పిల్లే. ఆయన ఫోన్ చేసి అంతా ఠీక్ కదా అంటే, ఠీక్ అనేవారు ఇద్దరూ. అక్కడ మంచులో ఉన్న మనిషికి ఇంకేం చెబుతాం అంది. ఆయన తిరిగొచ్చేసరికి అమ్మ కోలుకుంది, అప్పుడూ అదే మాట. ఠీక్ అన్నదగ్గరే అది ఆగిపోయింది. ఆ ఏళ్ళ గురించి వాళ్ళింట్లో ఎవరూ మళ్ళీ మాట్లాడలేదు.

నోటితో చెప్పలేకపోయింది కాబట్టి ఆ పిల్ల పేజీ చింపింది. చుక్క దగ్గరనుంచి ఢిల్లీ దాకా. ఆయనకి తెలియకుండా అట్లాసు బీరువాలోంచి తీసుకొచ్చింది. ఇవాళ మధ్యాహ్నం ఆయన ప్రదర్శనకి వస్తున్నారు, మొదటిసారి. చూసి కోప్పడతారేమో, అసలు ఏమీ అనకుండా వెళ్ళిపోతారేమో అని వారంరోజులుగా నిద్రలేదట. తీరా ఇప్పుడు చూస్తే ఆయన చూడాల్సిన చిరుగే లేదు.

మళ్ళీ చింపేస్తాను ఆంటీ అని చెయ్యి చాపింది. నేను గభాల్న పట్టుకున్నాను. కాయితం పాతదమ్మా, ఎటు పోతుందో తెలియదు, నేను విప్పుతాను, విప్పినట్టే తెలియకుండా విప్పుతాను, సంచీ ఇంట్లో ఉంది, ఇట్టే వచ్చేస్తాను అన్నాను. మంచి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మెట్లు దిగాను. రిక్షా అబ్బాయిని భయ్యా, తొందరగా పోనీ అని దారిపొడుగునా తొందరపెడుతూనే ఉన్నాను.

సుబేదారు గారు

ఆర్మీవాళ్ళ సంగతి నేను మర్చిపోయాను. మధ్యాహ్నం వస్తానన్న మనిషి ముందే వచ్చేశారు. నేను సంచీతో ఆయాసపడుతూ లోపలికి వచ్చేసరికి అట్లాసు ముందు నిటారుగా నుంచుని ఉన్నారు. తెల్లచొక్కా, మెరిసే బూట్లు, పొట్టిగా కత్తిరించిన జుట్టు. సింధు రెండడుగుల వెనక నుంచుంది. నన్ను చూసి, వద్దన్నట్టు తలూపింది. చేతిలో సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆయన అట్లాసు కుట్టినందుకు కోప్పడలేదు. కుట్టిన దారిమీద వేలు పెట్టి, టెక్కలి, సికింద్రాబాద్, జబల్‌పూర్ అని ఒక్కొక్క ఊరే చదువుకుంటూ వచ్చారు. జబల్‌పూర్ దగ్గర నవ్వొచ్చింది ఆయనకి. అక్కడ సింధు సైకిలు నేర్చుకుంటూ పడితే పన్ను విరిగిందని నాకు చెప్పారు, నేనెవరో తెలియకుండానే. ఢిల్లీ దాకా వచ్చి వేలు ఆగింది. పైకి చూశారు. చుక్క కనబడింది.

"ఇక్కడికి కుట్టలేదేటమ్మా?" అని అడిగారు, చుక్కవైపు వేలు చూపించి.

ఆయన పేజీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తడిమారు. మా పనివాళ్ళు చేసినట్టే చేశారు, కళ్ళకి అందనిది వేళ్ళకి అందింది. ఇక్కడేదో దళసరిగా ఉందే అన్నారు. ఇక నేను ఆగలేక, అది నేను అతికించానండీ, ప్రయాణంలో చిరిగిందనుకున్నాను, కానీ మీ అమ్మాయే చింపిందట అని చెప్పేశాను. ఎందుకు అన్నారాయన. నన్ను కాదు, కూతుర్ని.

ఆ పిల్ల చెప్పింది. నాతో చెప్పినంత కూడా చెప్పలేదు. అమ్మ ఆపరేషనప్పుడు డాడీ, అని మొదలుపెట్టి, నాలుగు ముక్కలు చెప్పి ఆగిపోయింది. హాలంతా జనం, ఎవరో గుడ్డ పుస్తకం తిప్పుతుంటే ఆ చప్పుడు వినబడుతోంది. ఆయన అట్లాసు వైపే చూస్తూ విన్నారు.

"అప్పుడు అంతా ఠీక్ అన్నారు కదా మీరు."

"అన్నాం డాడీ."

"ఠీక్ కాదన్నమాట."

సింధు కాదని తలూపింది. అంతలోనే ధైర్యం చాల్లేదు కాబోలు, కళ్ళు తుడుచుకుని, ఇప్పుడదంతా ఎందుకులే డాడీ, ఆంటీ బాగా అతికించారు, అలాగే ఉండనిద్దాం అంది. నాకు కూడా ఆ క్షణాన అదే మంచిదనిపించింది. ఆ పెద్దమనిషి మొహం చూస్తే మనసు నీరైపోయింది. ఇంకా చింపి చూపించాలా అనిపించింది. ఉండనివ్వండి అని నేనే అనబోయాను.

ఆయన నావైపు తిరిగారు.

"ఇది ఇప్పగలరా మేడం?"

విప్పగలను అన్నాను.

"ఐతే ఇప్పేయండి. పాప చింపింది నిజమే. నేను అక్కడ లేను. నిజాన్ని అతికించి దాచితే ఎలా?"

నేను సంచీ తెరిచాను. అద్దుడు కాయితం తడిపి, పిండి, పేజీ వెనక పెట్టాను. పేజీ కదలకుండా పట్టుకోవాలి, ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండి అంటే సుబేదారు గారు ముందుకొచ్చి రెండు అరచేతులూ ఆనించారు. ఆయన చేతుల పక్కనే సింధు కూడా వేళ్ళు పెట్టింది. చిమటాతో చివర పట్టుకుని మెల్లిగా లాగాను. తెగలేదు. ఉల్లిపొర మొత్తం ఒక్క ముక్కగా లేచి వచ్చింది. చిరుగు మళ్ళీ తెరుచుకుంది, చుక్కనుంచి ఢిల్లీ దాకా.

ఆ రోజు నేలమాళిగలో విప్పి చూపించు అన్న మనిషికి మనసులో నమస్కారం పెట్టుకున్నాను. నేను గట్టి జిగురు వాడేదాన్నైతే, నా పని మీద నాకున్న గర్వంకొద్దీ విప్పడం నేర్చుకోనిదాన్నైతే, ఆ తండ్రీకూతుళ్ళ మధ్య నా అతుకే అడ్డంగా మిగిలిపోయేది. మీకు నేను చెప్పదలుచుకున్నది ఇదే పిల్లలూ. అతికించే ముందు అడగండి. అడగడం మర్చిపోతే, విప్పడానికైనా సిద్ధంగా ఉండండి. నా అంత వయసొచ్చినా మర్చిపోతారు, కాబట్టి రెండోది బాగా నేర్చుకోండి.

సుబేదారు గారు ఆ చిరుగు అంచుల్ని వేలితో రాస్తూ ఉండిపోయారు. తరవాత సింధుని, ఆసుపత్రిలో నీతో ఎవరైనా ఉండేవారా అని అడిగారు. పక్క క్వార్టరు ఆంటీ పగలు వచ్చేదని చెప్పింది. రాత్రి? రాత్రి ఎవరూ లేరంది. ఇద్దరూ అక్కడే బెంచీ మీద కూర్చున్నారు. ఇక ఆ పిల్ల మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఆయన ఒక్కొక్కటీ అడిగి అడిగి చెప్పించుకున్నారు.

నేను కాస్త దూరంగా జరిగి నా సామాను సర్దుకున్నాను. అలవాటు ప్రకారం చిన్న కవరు తీసి, విప్పిన ముక్కని అందులో వేసి, మ్యాప్ పేజీ, పై అంచునుంచి ఢిల్లీ దాకా అని పైన రాశాను. వాళ్ళు లేచి వచ్చాక, ఇది అట్లాసుతో పాటే ఉంచాలమ్మా, మా పద్ధతి అని సింధుకి ఇవ్వబోయాను. సుబేదారు గారు చెయ్యి చాపారు.

పుస్తకంలోది పుస్తకంతోనే ఉండాలండీ అన్నాను.

"రెండ్రోజులైనా అతుక్కుని ఉంది కదా మేడం" అన్నారు. "అది నాకివ్వండి."

పైనుంచి భట్నాగర్ సాబ్ అరిస్తే అరవనీ అనుకున్నాను. కవరు ఆయన చేతిలో పెట్టాను.